కుంట దాకా వెళ్ళి రావడానికి

ఖమ్మం నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కుంటకు కారులో ఒక్క రోజులో వెళ్ళి రావచ్చునా అని ఈమధ్య మమ్మల్ని ఇద్దరు ముగ్గురు అడిగారు. రావచ్చును. పోను సుమారు 190 కిలోమీటర్లు, రాను మళ్ళీ అంతే. తెల్లవారుజామున బయలుదేరితే రాత్రి భోజనాల వేళకు ఇల్లు చేరవచ్చు. అయితే ఆ ఒక్క రోజు కోసం మేము నాలుగు నెలలకు పైగా ఏర్పాట్లు చేసికోవలసి వచ్చింది. ఆ సంగతులు రాస్తే, ఆ దారిన పని పడే పాఠకులకు కొంతైనా ఉపయోగపడతాయని రాస్తున్నాము.

మేమిద్దరం బడి ఉద్యోగాలు చేసి రిటైరైన వాళ్ళం. మా సంఘం నడిపే హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ చదువుకొనే ఒక అమ్మాయి ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి వచ్చి భోంచేసి, సాయంత్రం దాకా పెరటి అరుగు మీద కూర్చొని చదువుకొనేది. నర్సు కావాలని ఆమె కోరిక. 2022 జూన్‌లో ఒకనాడు, కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో నర్సింగు సీట్లకు ఏమేమి కాగితాలు కావాలో ముగ్గురం కూర్చొని చూస్తున్నాము. కులం గడి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల కలం పక్కన పెట్టేసింది. "మాకు ఆ కాగితం ఇవ్వరమ్మా" అంది.

ఆ అమ్మాయి తల్లిదండ్రులది కుంట తహసీలులోని ఒక అడవి పల్లె. మురియా వాళ్ళు. 2005 జూన్‌లో బస్తరులో సల్వా జుడుం మొదలైనాక, ఊరు విడిచి రోడ్డు పక్క శిబిరాలకు రమ్మని ఒక పక్షం, వెళితే ఊరుకోమని ఇంకొక పక్షం. ఇద్దరి చేతుల్లోనూ తుపాకులే. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 2006లో ఈ పిల్లను చంకన వేసికొని, వంట గిన్నెలు నెత్తిన పెట్టుకొని, అడవి దారిన నడిచి ఇవతలికి వచ్చి చర్ల మండలంలో గుడిసె వేసికొన్నారు. అలా వచ్చిన వాళ్ళు అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో వేల మంది ఉన్నారు. మనవాళ్ళు గొత్తికోయలంటారు. ఆ మాట వాళ్ళు పెట్టుకొన్నది కాదు. 2011 జూలై 5న సుప్రీం కోర్టు గిరిజన యువకులకు తుపాకులిచ్చి పోరులోకి దింపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ తరువాత కొందరు తిరిగి వెళ్ళారు. ఈ పిల్ల తండ్రి వెళ్ళలేదు.

ఖమ్మం వారికి అటువైపు మనుషులు కొత్తేమీ కాదు. ఏటా మిరప కోతల కాలానికి బస్తరు నుంచి కూలీలు గుంపులు గుంపులుగా వస్తారు. ఖమ్మం మార్కెట్టుకు చేరే ఎర్రని మిరపకాయల్లో వాళ్ళ చేతి మీదుగా రానివి తక్కువే. ఈ పిల్ల తండ్రి కూడా పెళ్ళికాక ముందు నుంచి మన వైపు మిరప తోటలకు వచ్చినవాడే. ఆ నాలుగు తెలుగు మాటలు అక్కడ నేర్చినవే. కూలికి వచ్చినంతకాలం అతణ్ణి ఏ కాగితమూ ఎవరూ అడగలేదు. కూతురు చదువుకొనేసరికి అడిగారు.

అడగడంలో తప్పు లేదు, చట్టం అలా ఉంది. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రానికొకటి. ఒక రాష్ట్రంలో గిరిజనుడైన మనిషి వేరొక రాష్ట్రానికి వచ్చి ఎన్నేళ్ళున్నా ఇక్కడి జాబితాలోకి తనంతట తాను చేరడు. పిల్లలకు పత్రం కావాలంటే, తండ్రి తన సొంత రాష్ట్రంలో తీసికొన్న పత్రం ఆధారంగా ఉండాలి. దానితో కేంద్రం ఇచ్చే రిజర్వేషను వర్తిస్తుంది. ఇక ఛత్తీస్‌గఢ్‌లో ఆ పత్రం పుట్టాలంటే 1950 నాటికే ఆ కుటుంబం అక్కడ ఉన్నట్లు భూమి రికార్డు చూపాలి. అడవిలో పోడు కొట్టుకొని బతికిన వాళ్ళకు 1950 రికార్డు ఎక్కడిది? అటువంటి వారికి గ్రామసభ తీర్మానం సరిపోతుందని నియమం ఉంది. ఆ తీర్మానం తేగలిగినవాడు తండ్రి యొక్క అన్న ఒక్కడే. అతను తిరిగి ఊరు చేరినవారిలో ఉన్నాడు.

కాబట్టి తండ్రి స్వయంగా కుంటకు వెళ్ళాలి. అతను వెళ్ళడానికి ఒప్పుకోలేదు.

భద్రాచలంలో బస్సెక్కితే రెండు గంటలకు అటూ ఇటూగా కుంట చేరుతుంది. దూరం కాదు అతని బాధ. 16 ఏళ్ళుగా ఆ గీత దాటలేదు. ఎవరైనా అడిగితే ఏమి చెప్పాలి? ఎవరి మనిషివంటే ఎవరి పేరు చెప్పాలి? ఆ భయానికి 2022లో ఎంత ఆధారముందో మేము తూచలేము. పారిపోయి వచ్చినవాడి భయం పత్రికలు చదివేవాళ్ళు తీసివేయగలిగేది కాదు. పిల్ల బతిమాలింది. చివరకు ఒక్క మాట మీద ఒప్పుకొన్నాడు: "చీకటి పడకముందు గోదారి ఇవతలికి తెస్తానంటేనే వస్తాను సారూ." అందుచేతనే కారు, అందుచేతనే ఒక్క రోజు.

మొదట మేము జూలై మూడవ వారం అనుకొన్నాము. ఆ వైపు తెలిసిన వాళ్ళెవరూ జూలైలో ప్రయాణం పెట్టుకోరు. కాని మధ్య మధ్య రోడ్డు తెరిపి ఇస్తుందిగదా అని ఆశ. 2022లో అది జరగలేదు. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండవది, 53 మూడవది. జూలై 16న నీటిమట్టం 71.3 అడుగులకు వెళ్ళింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగులే ఇప్పటికీ అన్నిటికన్నా పెద్దది. వంతెన మీద రాకపోకలు ఆపివేశారు. కుంట వైపు కథ గోదావరితోనే అయిపోదు. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి పొంగితే శబరి నీరు లోపలికి పోలేక వెనక్కి ఎదురు తన్ని చింతూరు, కుంటల దాకా పోటెత్తుతుంది. భద్రాచలంలో నీరు తగ్గినంత మాత్రాన ఆ రోడ్డు తేలదు. బయలుదేరే ముందు చింతూరు వాళ్ళకే ఫోను చేసి కనుక్కోవాలి.

వాన కాలం అంతా అలా పోయింది. దసరా అయ్యాక మళ్ళీ క్యాలెండరు ముందు వేసికొని కూర్చున్నాము. మన క్యాలెండరు ఒక్కటి చాలదని అప్పుడు తెలిసింది. ఛత్తీస్‌గఢ్‌లో ఆ ఏడాది మొదట్లోనే ప్రభుత్వ కార్యాలయాలకు వారానికి 5 పని దినాలు చేశారు గనుక శనివారం పనికి రాదు. నవంబరు 1 ఆ రాష్ట్రం పుట్టిన రోజు. 8వ తేదీ గురునానక్ జయంతి, కార్తీక పౌర్ణమి. ఆ రోజు సెలవే గాక భద్రాచలంలో గోదావరి స్నానాలకు వచ్చే జనంతో వంతెన దగ్గర బండ్లు కదలవు. మంగళవారం పోగా, బుధవారం ఒక రోజు విడిచి, 10వ తేదీ గురువారం ఖాయం చేసికొన్నాము. నవంబరులో సాయంత్రం అయిదున్నరకే పొద్దు గూకుతుంది. ఆ గంట నుంచి వెనక్కి లెక్క కట్టుకొంటూ వచ్చాము. అయిదింటికి భద్రాచలం చేరాలంటే మూడింటికి కుంట వదలాలి. పది గంటలకల్లా కుంటలో ఉండాలి. అంటే తెల్లవారి నాలుగున్నరకు ఖమ్మంలో బండి తీయాలి.

తేదీ పెట్టుకోగానే సరిపోదు, అది అన్నకు చేరాలి. ఆ ఊళ్ళో ఫోను పలకదు. వారపు సంతకు వచ్చే బంధువు ద్వారా చర్ల నుంచి కబురు వెళ్ళింది. గ్రామసభ జరిగి తీర్మానం చేతికి వచ్చిందనీ, పదో తేదీ కుంటలో ఉంటాననీ తిరుగు కబురు మరో రెండు సంతలకు గాని రాలేదు. సంతల మీదుగా నడిచే ఈ తపాలా మేము చూసిన తపాలాలలో నెమ్మదైనదే గాని, ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

కారు సంగతి తేలిక. మాది సొంత కారు, పాత మారుతి. సొంత బండి ఒక రోజు పని మీద పక్క రాష్ట్రానికి వెళితే పన్ను ఏమీ కట్టనక్కర లేదు. ఆర్.సి., ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్సు దగ్గరుంటే చాలు. అద్దె కారు అయితే దాని పర్మిట్ ఎంతవరకు చెల్లుతుందో ముందే చూసుకోండి. ఎందుకంటే కుంట వెళ్ళే మనిషి ఒక్క సరిహద్దు దాటడు, రెండు దాటతాడు. స్టెప్నీలో గాలి చూపించుకోవడం, పెట్రోలు భద్రాచలంలోనే నిండుగా పోయించుకోవడం మంచిది. చింతూరు నుంచి మారేడుమిల్లి వైపు అందమైన ఘాట్ రోడ్డు ఉంది, అటు చూడాలని మనసు లాగుతుంది. అటు తిరిగితే మాత్రం రోజు చాలదు.

హాస్టలు నుంచి ఔట్ పాసు, అమ్మాయి ఆధార్, బడి బోనఫైడ్, తండ్రి ఆధార్, ఫోటోలు, ప్రతి కాగితానికీ మూడేసి జిరాక్సులు. వీటన్నిటికన్నా విలువైనది తండ్రి దగ్గర వెదురు గొట్టంలో ఉంది. అక్కడి పాత రేషను కార్డు. గుడిసె కాలినా, వాన కారినా దాన్ని పోనీయలేదు. దాని మీద దంతెవాడ జిల్లా అని ఉంది. 2012లో సుక్మా జిల్లా ఏర్పడి కుంట అందులోకి పోయింది. ఇటు అతను వచ్చి దిగింది ఖమ్మం జిల్లాలో, 2016 నుంచి అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒక జిల్లా వాడినని చెప్పుకొందామంటే రెండు వైపులా పేర్లు మారిపోయాయి. మా ఇంట్లోనూ ఇటువంటి కాగితం ఒకటి ఉంది. మాలో ఒకరు 1957లో భద్రాచలంలో పుట్టారు. జనన పత్రంలో తూర్పు గోదావరి జిల్లా. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. ఆ పత్రం చూపినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వి, వివరణ విని, సంతకం పెట్టేవారు. మాకు వివరణ అడిగి ఊరుకొన్నారు.

ఆ గురువారం కారు ముందు నిలబడి ప్రార్థన చేసికొని బయలుదేరాము. పులిహోర, పెరుగన్నం, నీళ్ళ సీసాలు, పిల్లకు వాంతి వస్తుందేమోనని నిమ్మకాయలు. ఏన్కూరు, జూలూరుపాడు చీకట్లోనే దాటాము. కొత్తగూడెంలో తెల్లవారింది. పాల్వంచ పొగ గొట్టాలు, సారపాక కాగితం మిల్లు దాటి, ఏడున్నరకు గోదావరి వంతెన ఎక్కాము.

తండ్రి ముందు రోజు రాత్రే చర్ల నుంచి వచ్చి భద్రాచలంలో తెలిసినవారి ఇంట్లో పడుకొన్నాడు. ఇక్కడొక విచిత్రం చెప్పాలి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు పేరు మీద భద్రాచలం చుట్టూ ఉన్న మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి, పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. దుమ్ముగూడెం, చర్ల వాళ్ళు తమ రాష్ట్రంలోని తమ పట్టణానికి రావాలంటే దారిలో ఎటపాక, కన్నాయిగూడెం అనే ఆంధ్ర ఊళ్ళు దాటి మళ్ళీ తెలంగాణలో దిగాలి. కొన్ని గ్రామాలను తిరిగి ఇవ్వండని భద్రాచలం వాళ్ళు అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నారు. ఈ మనిషి ఎనిమిదేళ్ళుగా మందులకూ ఉప్పుకూ భద్రాచలం వస్తూ, తెలియకుండానే రాష్ట్ర సరిహద్దు ఎన్ని వందల సార్లు దాటి ఉంటాడో! ఆ మాట కారులో చెబితే అతను నమ్మలేదు. "గీత అంటే అక్కడే కదా సారూ, కుంట కాడ" అన్నాడు.

ఊరి చివర ఆంధ్రప్రదేశ్ బోర్డు వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. నెల్లిపాక దాటాక జూలై వరద గుర్తులు ఇంకా గోడల మీద ఉన్నాయి, మా కారు పైకప్పుకన్నా ఎత్తున మట్టి గీతలు. తరువాత అంతా అడవి. మధ్యలో ఒకచోట బండి ఆపి, ఎక్కడికి, ఎందుకు, ఎంతమంది అని అడిగి నంబరు రాసుకొన్నారు. మర్యాదగానే అడిగారు. తండ్రి కిటికీ వైపు ముఖం తిప్పలేదు. రెండు చేతులూ వెదురు గొట్టం మీద ఉన్నాయి.

చింతూరు దాటి కొంత దూరం పోయాక బోర్డులు హిందీలోకి మారాయి. అతనికి చదువు రాదు, తెలుగైనా హిందీ అయినా ఒకటే. మేము చెప్పలేదు. ఒక మలుపు దగ్గర పెద్ద ఇప్పచెట్టు కనిపించగానే అతనే "వచ్చాం" అన్నాడు. పిల్ల వెనక సీటు నుంచి చేయి చాపి తండ్రి భుజం మీద వేసింది. కుంట బజారు దాకా ఆ చేయి తీయలేదు.

కుంటలో దుకాణాల వాళ్ళు తెలుగు మాట్లాడతారు, ఇబ్బంది లేదు. కార్యాలయంలో హిందీ కావాలి. మాలో ఒకరు ముప్పై ఏళ్ళు హిందీ పండిట్‌గా చేసినవారే గనుక ఆ భారం తీసికొన్నారు. ఆ పుస్తకాల హిందీ విని గుమాస్తా గారు రెండు మూడు సార్లు తల ఎత్తి చూశారు గాని, పని సాగింది. అన్న అప్పటికే వచ్చి చెట్టు కింద కూర్చొని ఉన్నాడు. తెల్లవారకముందే నడక మొదలుపెట్టాడట. అన్నదమ్ములు కౌగిలించుకొంటారనీ ఏడుస్తారనీ మేము అనుకొన్నాము. అన్న లేచి నిలబడి, తమ్ముడి తల మీద జుట్టు పట్టి చూసి, ఏదో అన్నాడు. తమ్ముడు నవ్వాడు. "తెల్లబడింది అంటున్నాడు" అని మాకు చెప్పాడు.

అప్పుడు పెదనాన్న పిల్ల వైపు తిరిగి తమ భాషలో చాలాసేపు మాట్లాడాడు. అమ్మాయికి అర్థమవుతోంది, నోరు తిరగడం లేదు. ఆరేళ్ళ నుంచీ హాస్టళ్ళలోనే పెరిగిన పిల్ల. తెలుగులోనే జవాబిచ్చింది. తండ్రి మధ్యలో నిలబడి ఇటుది అటు, అటుది ఇటు చెప్పాడు. మన హాస్టళ్ళలో పిల్లలకు బైబిలు వచనాలు, ఆంగ్లం, లెక్కలు అన్నీ శ్రద్ధగా నేర్పుతాము. ఇంటి మాట పోకుండా చూసే బాధ్యత ఎవరిదో మన పెద్దలు కూర్చొని ఆలోచిస్తే బాగుండునని మాకు అనిపించింది.

దరఖాస్తులో రెండు గళ్ళు ఉన్నాయి, మూల నివాసం, ప్రస్తుత నివాసం. మొదటి గడిలో పల్లె పేరు చెప్పి, రెండవ దాని దగ్గర అతను ఆగిపోయాడు. చర్ల పేరు చెబితే ఇక్కడి వాడు కాదంటారేమో, చెప్పకపోతే అబద్ధమవుతుందేమో. "రెండూ రాయవచ్చా సారూ?" అని అడిగాడు. రెండు గళ్ళు ఉన్నది అందుకే గదా అని చెప్పి, రెండూ రాశాము. వేలిముద్ర వేశాడు. గ్రామసభ తీర్మానం, పాత రేషను కార్డు చూసి, గుమాస్తా గారు దరఖాస్తు తీసికొని రసీదు ఇచ్చారు. పత్రానికి నెల దాటాక రమ్మన్నారు.

ఒంటిగంటకు పని అయింది. శబరి ఒడ్డుకు వెళ్ళి భోజనాలు చేశాము. అవతలి ఒడ్డు ఒడిషా, మోటు అనే ఊరు. శబరిని వాళ్ళు కొలాబ్ అంటారు. సీలేరు వచ్చి కలిసేదీ అక్కడే. ఇటు ఛత్తీస్‌గఢ్, అటు ఒడిషా, కిందికి పోతే ఆంధ్ర. పడవల్లో జనం కూరగాయలతో, కోళ్ళతో, సైకిళ్ళతో అటూ ఇటూ దాటుతున్నారు. పెదనాన్న పులిహోర తిని, మిగిలింది ఆకులో కట్టించుకొన్నాడు. మాకు మూట చింతపండు ఇచ్చాడు. వద్దంటే వినలేదు.

మూడింటికి బయలుదేరాము. తండ్రి దారి పొడుగునా నిద్రపోయాడు. నాలుగు గంటలు దాటాక ఎండ ఎర్రబడుతూంటే మాకే గాభరా, అతనికి లేదు. అయిదు దాటి పది నిమిషాలకు భద్రాచలంలో దింపాము. ఇంకా వెలుతురు ఉంది. మేము ఖమ్మం చేరేసరికి తొమ్మిదైంది.

డిసెంబరు నెలాఖరులో మళ్ళీ వెళ్ళవలసి వచ్చినప్పుడు మేము తేదీలు చూడడం మొదలుపెట్టాము. మాలో ఒకరికి జ్వరం తగ్గలేదు. సంక్రాంతి తరువాత చూద్దామని చర్లకు కబురు పంపాము. జవాబు రాలేదు. జనవరి రెండవ వారంలో ఒక సాయంత్రం అతనే మా ఇంటికి వచ్చి, వెదురు గొట్టంలోంచి పత్రం తీసి బల్ల మీద పెట్టాడు. భద్రాచలంలో బస్సెక్కి ఒక్కడే వెళ్ళాడట. ఖర్చులకు పత్తి తీతకు పోయిన డబ్బులున్నాయట. కార్యాలయంలో సాయంత్రం అయిపోతే అన్నతో కూడా ఊరికి నడిచిపోయి, రాత్రి అక్కడ పడుకొని, మరునాడు వచ్చాడట.

ఆ రాత్రి సంగతి పిల్ల అడిగింది. "చలి బాగా ఉంది" అన్నాడు.